కాగితం పక్కకు జరిపిన పిల్ల

నాకు ముక్కు మీద కోపం. ఇరవై ఏళ్లుగా తెలుగు పాఠాలు చెబుతున్నా అది తగ్గలేదు. రేణిగుంట దగ్గర మా బడిలో ఎనిమిదో తరగతికి శుక్రవారం చివరి పీరియడ్‌లో ఒక ఆట ఆడిస్తాను. ఒకే కాగితం బెంచీ బెంచీకీ తిరుగుతుంది. ముందువాళ్లు రాసిన వాక్యం ఒక్కటే కనబడేలా మడిచి ఉంటుంది. దాని కింద మనదొకటి రాసి, మళ్లీ మడిచి పక్కవాళ్లకివ్వాలి. చివర విప్పి చదివితే కవిత. అర్థం ఉన్నా లేకపోయినా నవ్వు మాత్రం గ్యారంటీ.

ఓ ఏడు కొత్తగా ఒక పిల్ల చేరింది. తడ అవతలి నుంచి వచ్చిన కుటుంబం, నాయనకు గోడౌన్‌లో పని, ఇంట్లో తమిళం. మొదటి రోజు పాఠం చదివితే పిల్లలు నవ్వారట. అంతే, మళ్లీ నోరు విప్పలేదు. కాగితం వస్తే మోచేత్తో పక్కకు జరిపేది. నాలుగు వారాలు చూశాను. ఐదో వారం ఉండబట్టలేక అరిచేశాను.

"ఏం పాపా, బెల్లం కొట్టిన రాయి మాదిరి కూసున్నావే! ఒక్క ముక్క రాస్తే పెన్ను అరిగిపోతాదా?"

ఆ పిల్ల బల్ల మీద తల వాల్చేసింది. ఛీ, నా నోరు పడిపోను! సోమవారం బడికి రాలేదు, మంగళవారమూ రాలేదు. నా మూలంగా చదువే మానేస్తుందేమోనని హడలిపోయాను.

గురువారం వచ్చింది, నా వైపు చూడలేదు. మర్నాడు ఆట మొదలుపెట్టబోతే ముందు బెంచీ అమ్మాయి లేచింది. "మా మింద అరిసేది కాదు టీచర్, మీరూ కూసోని రాయల్ల!"

తరగతంతా అవునని గోల. ఖాళీ ఉన్నది ఆ పిల్ల పక్కనే. వెళ్లి కూర్చున్నాను. ఆ రోజు విషయం వాన.

కాగితం వచ్చింది. "వాన వచ్చినాది, మిద్దె మింద వడియాలు తడిసినాయి" అని ఉంది. పెన్ను తీశాను. ఒక్క మాట తట్టితే ఒట్టు! వెనక నుంచి ఎవరో, "ఏం టీచర్, పెన్ను అరిగిపోతాదా?" అన్నారు. తరగతి ఘొల్లుమంది. నా మోచెయ్యి దానంతటదే కాగితాన్ని పక్కకు జరిపింది.

ఆ పిల్ల ఈసారి దాన్ని ఆపింది. నా చేతిలోని పెన్ను తీసుకుని గబగబా ఏదో రాసి, మడిచి అవతలికిచ్చేసింది.

చివర విప్పి నేనే చదివాను. ఆ పిల్ల వాక్యం మాత్రం రెండుసార్లు చదివాను.

"గొడుగు లేని ఇద్దరు ఒకే చూరు కింద నిలబడినారు."

ఎవరూ నవ్వలేదు. "ఇది ఎవురు రాసినారు టీచర్?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోగా పక్క నుంచి సన్నగా వినిపించింది.

"మా బెంచీ."