చాప మీద కూర్చున్న నా భార్య

నా భార్య నడుంనొప్పి తగ్గలేదన్న నిజం మొదట్లో నేను చెప్పలేదు.

ఇరవై ఏళ్ల కిందట అనకాపల్లిలో మా చర్చివాళ్లంతా ఆమె కోసం ఉపవాస ప్రార్థన చేశారు. ఆ ఆదివారం అందరూ నావైపే చూస్తుంటే, లేచి నొప్పి పోయిందని సాక్ష్యం చెప్పేశాను. నా మాట పోకూడదని ఆమె నొప్పి వల్ల వేయించుకునే కుర్చీ మానేసి, మిగతా ఆడవాళ్లతో చాప మీదే కూర్చునేది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక లేవలేకపోయింది.

“ఏటొదినా, నొప్పి పోయిందని అన్నయ్య సెప్పేడు కదేటి?” అంది పక్కనున్నామె.

“కాలు తిమ్మిరెక్కిందమ్మా,” అని నవ్వింది నా భార్య, కళ్లలో నీళ్లతో.

సిగ్గుతో తలెత్తలేకపోయాను. మరుసటి ఆదివారం మళ్లీ సాక్ష్యానికి లేచాను.

“నొప్పి పోలేదు, నేను అబద్ధం చెప్పేను. కరుణా, నువ్వు ‘అబ్బా’ అనడానికి కూడా లేకుండా చేసేను. నన్ను క్షమించు,” అని అందరి ముందూ అడిగాను.