మానెడు తవుడికి కొన్న పేరు

మా చిన్నప్పుడు... టాటానగర్ రైల్వే క్వార్టర్ల దగ్గర హిందీ బడి. ఐదో తరగతి. ఒకరోజు హిందీ మాస్టారు పాఠం పక్కన పెట్టి, ఒక్కొక్కర్నీ లేపి ఎవరి పేరుకి వాళ్లని అర్థం చెప్పమన్నారు.

సురేశ్ లేచి దేవతల రాజు అన్నాడు. ప్రకాశ్ వెలుగన్నాడు. విజయ్ అయితే నోరు విప్పకముందే ఛాతీ విరుచుకున్నాడు. నా పక్కన కూర్చునేవాడు మా తెలుగువాడే, అప్పన్న. హిందీ పిల్లలకి నోరు తిరక్క వాణ్ణి "అప్నా" అనేవాళ్లు, అంటే మనవాడని... అలా ఊరికే అందరికీ అయినవాడైపోయాడు వాడు. సింహాచలం దేవుడి పేరని చెప్పి దర్జాగా కూర్చున్నాడు.

తర్వాత నేను.

నా పేరు తవుడు. నవ్వకండి... శ్రీకాకుళం వైపు ఊళ్లలో వీధికొక తవుడో, తవిటయ్యో, తవిటినాయుడో ఉంటాడు. కానీ నాకు ఊహ తెలిసినప్పట్నించీ పెరిగింది ఇక్కడ, క్వార్టర్లలో. బియ్యం సంచిలో రావడమే ఎరుగుదును గానీ, వడ్లు దంచడం చూసింది లేదు, తవుడు ఎలా ఉంటుందో తెలీదు. హాజరు పుస్తకంలో మాస్టారు దాన్ని "తబుడూ" అని చదివేవారు. అర్థం తెలీదన్నాను. "ఘర్ మే పూఛ్‌కే ఆనా" అన్నారు, ఇంట్లో అడిగి రమ్మని.

ఇంటికెళ్లేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. అడిగాను. చేట ఆపి నా మొహంలోకి చూసింది.

"నీకు ముందు ముగ్గురు మగపిల్లలురా. బంగారయ్య, ముత్యాలు, రత్నం. ఒక్కడూ ఏడాది దాటనేదు. అందుకే మనూళ్లో నువ్వు పుట్టగానే మీ అమ్మమ్మ నిన్ను ఇలాంటి సేటలోనే ఏసి పక్కింటామెకి ఇచ్చీసింది. ఆవిడ మానెడు తవుడు పోసి నిన్ను కొనుక్కుంది. మళ్లీ ఆవిడ కాడ్నించి పెంచుకుంతానని తెచ్చుకున్నాను."

"నన్ను అమ్మీసావేటి?"

"అమ్మబట్టే ఉన్నావు. బంగారమైతే ఎత్తుకుపోతాడు గానీ, తవుడు ఎవుడిక్కావాల?"

ఎత్తుకుపోయేవాడి పేరు మాత్రం చెప్పలేదు. ఆ పేరు అమ్మ ఎప్పుడూ పలికేది కాదు.

నిజం చెప్పొద్దూ... నాకా కథ తెగ నచ్చింది. యముడంతటివాణ్ణి మోసం చేసిన పేరు మరి! తవుడుని హిందీలో ఏమంటారో రాత్రి నాన్నని అడిగి తెలుసుకున్నాను. మర్నాడు నేనే ముందు చెయ్యెత్తాను. "భూసీ, సార్" అన్నాను.

క్లాసు క్లాసంతా గొల్లుమంది. మాస్టారూ నవ్వారు. మిగతాది చెబుదామనే నిలబడ్డాను... చేట, పక్కింటామె, నాకు ముందు పోయిన ముగ్గురు అన్నలు... ఆ కథంతా చెప్పేటంత హిందీ నా దగ్గర లేదు. తల కొట్టేసినట్టయింది. పక్కకి చూస్తే అప్పన్న కూడా నవ్వుతున్నాడు. వాళ్ల సొంత చిన్నాన్న పేరు తవిటయ్య! వాడి నవ్వే నన్ను ఎక్కువ కోసింది.

ఆ రోజునుంచి నేను భూసీగాణ్ణి. ఆటల పీరియడ్‌లో ఏ జట్టువాళ్లూ పిలిచేవాళ్లు కాదు, నేనూ వెళ్లేవాణ్ణి కాదు. కుళాయి దగ్గర అరుగు మీద కూర్చుని, అన్నలు బతికుంటే ఒక్కొక్కడి తల పగలగొట్టేవాళ్లు కదా అనుకునేవాణ్ణి. వాళ్లు బతికుంటే నాకీ పేరే వచ్చేది కాదని మాత్రం అప్పట్లో తట్టలేదు.

తొమ్మిదో తరగతికి వచ్చాను. బోర్డు ఫారంలో ఏ పేరు రాస్తే ఇక జీవితాంతం అదే అన్నారు. పేరు మార్చమని ఇంట్లో పట్టుబట్టాను, రెండు పూటలు అన్నం మానేశాను. నాన్న లోకోషెడ్డులో ఫిట్టరు, వాదనలు పెట్టుకునే మనిషి కాదు. "పేరు గొప్ప ఊరు దిబ్బ అనిపించకుండా సదువుకో మరి" అని సంతకం పెట్టాడు.

రాకేశ్ అని రాశాను.

అమ్మ ఒక్కటే అడిగింది... "దానికి అర్దమేటి?"

"చంద్రుడు."

అమ్మ మొహం పాలిపోయింది. "సెంద్రుడా... అంత మంచి పేరెందుకురా?" అంది. నాకు ఒళ్లు మండింది. ఇకమీదట బయట ఎక్కడైనా తవుడూ అని పిలిస్తే పలకనని గట్టిగా చెప్పేశాను. సరేలే అంది. వారం రోజులు నేను బడినుంచి వచ్చేదాకా వీధిలోనే నిలబడి ఉండేది. చూసి విసుక్కునేవాణ్ణి.

చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది. ఇక్కడే, బిర్సానగర్‌లో ఇల్లు కట్టుకున్నాను. ఆఫీసులో రాకేశ్‌జీ, వీధిలో రాకేశ్ భయ్యా. నాన్న పోయాడు. అప్పన్నా వాళ్లు బదిలీ మీద ఎటో వెళ్లిపోయారు. తర్వాత అమ్మ కూడా పోయింది.

పోయాక గానీ తెలియలేదు... ఆ ఫారం రాసిన రోజునుంచి చివరిదాకా అమ్మ నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. "ఒరే", "ఇటు రా", "ఇదిగో నాయనా"... అంతే. పాత పేరు నేను వద్దన్నాను. కొత్త పేరు పైకి అనడానికి ఆమెకి భయం... ఎవడు వింటాడోనని. కన్నతల్లి నోట పేరు లేకుండా చేసుకున్నాను నేనే.

ఇప్పుడు ఫోన్లో వెతికి పేర్లు పెడుతున్నారు. అర్థం పక్కనే రాసి ఉంటుంది. మంచిదే... కానీ ఎవరి కోసం, ఏ భయంతో పెట్టారన్నది అందులో దొరకదు. మీ ఇళ్లలో ఇలాంటి పేర్లుంటే, వాటి వెనక ఏముందో రాయండి. అన్నీ చదువుతాను.

ఇంకొక్కటి అడగనా... నన్ను ఆ పేరుతో పిలిచేవాళ్లు ఈ ఊళ్లో ఎవరూ మిగల్లేదు. మీరెవరైనా సరే, కింద ఒక్కసారి "తవుడూ" అని పిలవండి.

పలుకుతాను.