చీర వెనక మా అవ్వ

"పాత ఫిల్ము ముక్కల మీద సెలవులన్నీ తగలేస్తున్నావు." ఇది మా అన్న నా మీద మోపిన నేరం. జవాబు చెబుతాను.

తిరుత్తణిలో మా ఇంటి బిస్కెట్ల డబ్బా మూత తీయగానే పుల్లటి వాసన గుప్పుమంది. లోపలి ఫోటో నెగెటివ్ ఫిల్ములు పాడై ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి. అందుకే నాకు కాలు నిలవడం లేదు. ల్యాప్‌టాప్ తెల్లటి తెర మీద ఒక్కో ముక్కనూ పరిచి, ఫోనుతో ఫోటో తీసి, అసలు రంగులు వచ్చేలా తిప్పుతున్నాను.

నేత ఇళ్ళ మిత్రులారా, మీకు గుర్తుందా, మగ్గం నుంచి దింపిన చీరను షావుకారుకు ఇచ్చేముందు వాకిట్లో ఫోటో తీసేవాళ్ళు? మా అవ్వ రెండు చేతులతో దాన్ని తన మొహం కనబడనంతగా ఎత్తి పట్టుకునేది. గంజి వాసన వేసే ఆ చీర వెనక దూరి నేను ఆమె మోకాళ్ళను కరుచుకునేదాన్ని.

"మొగాలుండేవి దాచుకో, చీరలు పారేయ్. అంగడి పెట్టబోతావా ఏంది?" అన్నాడు అన్న.

అప్పుడే తెర మీద ఆకుపచ్చ చీర ఎర్రబడింది. పక్కనే కూర్చున్న అవ్వ వంగి చూసింది.

"ఒరే, ఇది నేను నేసిందేరా! యాడికి పోయిందో అనుకుంటి. నా మొగం ఎవురికి కావాల? దీన్ని పారేస్తివో, చూడు!"

అవ్వ నేసిన చీర ఒక్కటీ మా ఇంట లేదు. ఆమె పనికి మిగిలిన సాక్ష్యం ఈ ముక్కలే. మిత్రులారా, మీ డబ్బాలను ఈరోజే తెరవండి. ప్రతి చీర ఫోటో కిందా నేసిన మనిషి పేరు రాయండి.