మూడు నీళ్ల నూలు

“నూలుకు ఎన్ని నీళ్లు పెట్టినవే?” అని అడిగాడు మా ఇంటాయన.

“ఐదు పెట్టిన. నువ్వు పండుకో” అన్నాను.

మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు. పొద్దు గుంకేసరికి ఆయన లేడు. జ్వరం మీద ఏదో అడిగాడని చుట్టాలు అనుకున్నారు గానీ, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆయన పోయి చాలా ఏండ్లయింది. నిన్న పంచాయతీ వాళ్లు నల్లాలకు మీటర్లు బిగిస్తామని, ఇక వాడుకున్నంతకు కట్టాలని కాగితం ఇచ్చిపోయారు. నా మనుమరాలు అది చదివి వినిపించినప్పటి నుంచి నాకు నిమ్మళం లేదు. సంతకం తప్ప నాకు రాయరాదు కనుక ఆమెనే కూర్చోబెట్టి చెబుతున్నాను.

చౌటుప్పల్ దిక్కున మాది మగ్గాల వాడ. వాడ బావులన్నీ ఉప్పునీళ్లు, వాటిలో నూలుకు రంగు పట్టదు. పందొమ్మిది వందల అరవైల్లో పంచాయతీ వాళ్లు ఊరవతల మంచినీళ్ల బావికి ఇంజను పెట్టి, చావిడి పక్కన తొట్టి కట్టారు. ఇంజనుకు నూనె కావాలి, నడిపేవాడికి జీతం కావాలి. ఇంటిపన్ను పెంచుదామని కొందరు, కడవకింత వసూలు చేద్దామని కొందరు. పన్ను పెరిగితే ఊరి నడిమి పెద్ద ఇండ్లకే బరువు, వాళ్ల పెరట్లోనేమో మంచినీళ్ల బావులు ఉండనే ఉన్నాయి. వాళ్లలో ఒక పెద్దాయన లేచి, “తాగనోడు ఎందుకు కట్టాలె? ఎవలు ముంచుకుంటే వాళ్లే కట్టుకోవాలె, గది ధర్మం” అన్నాడట. మా ఆయనకు అది న్యాయంగానే తోచింది. అప్పటికి మా ఇంట్లో తాగేది ఇద్దరమే, ఇల్లు మాత్రం మగ్గం గుంటతో కలిపి పొడుగు, పన్నయితే ఎక్కువే పడేది. అందరికంటే ముందు చేయెత్తినవాడు ఆయనే. వెనకే వాడంతా ఎత్తింది. నూలు కూడా నీళ్లు తాగుతుందన్న సంగతి ఆ పూట ఒక్కరికీ తట్టలేదు.

ఎర్రరంగు వేసిన నూలును ఐదు నీళ్లలో జాడిస్తే గానీ నీరు తేటపడదు. జాడించే పని నాది. కడవ నింపితే తొట్టి కాడి మనిషికి కొనుక్కున్న రేకుబిల్ల ఇవ్వాలి, ఆ బిల్లలకు పోయింది మేం తాగే జొన్న గటకలో తగ్గుతుండేది. ఒకనాడు నాలుగు నీళ్లతో ఆపాను, ఏమీ కాలేదు. తరువాత మూడుతోనే ఆపాను. మగ్గం గుంటలో నుంచి ఆయన అడిగితే ఐదని చెప్పాను.

ఒక అంగడినాడు ఒక ముసలామె వచ్చి, మరకలు పడిన పెండ్లి ధోవతి మా మూట మీద పడేసింది. చెమటకు, మా కాడ కొన్న పెండ్లికూతురి చీర రంగు దిగిందట.

“రంగు పోదంటివి కదయ్యా, గిదేంది మరి? మా పిల్లగాడు పెండ్లి పీటల మీద యాటపోతును కోసినట్టున్నడు” అంది.

అంగడంతా నవ్వింది. ఆయన రంగు అమ్మినవాణ్ని తిట్టలేదు, నీళ్లను అనలేదు, నా దిక్కు ఒక్కసారి చూశాడు. ఆ తరువాత మా మూట ఎవరూ ముట్టలేదు. సొంత రంగు మానేసి, షావుకారు ఇచ్చిన నూలును కూలికి నేస్తూనే ఆయన బతుకు వెళ్లిపోయింది. ఆ ఆఖరి పూట దాకా నన్ను మాత్రం ఏమీ అడగలేదు.

ఇప్పుడు వాడలో మగ్గం చప్పుడు లేదు, పిల్లలు కంపెనీ బస్సులు ఎక్కిపోతున్నారు. పన్ను మేలో, వాడినంత కట్టడం మేలో చెప్పే తెలివి నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆ పెద్దాయన మాటలో తప్పు ఎక్కడుందో ఈనాటికీ వేలు పెట్టి చూపలేను.

సాలు బిడ్డా, ఇగ ఆపు. జర మొదటి సంది సదువు. ఆయనకైతే నిజం చెప్పలేకపోయిన, నీ నోట ఎట్లుంటదో వింట.