కుళాయి చుట్టూ గీసిన చదరం

గుండ్రంగా ఉన్నది ఏది కనబడినా కొలవందే వదలదు ఏంజలిన్. అది ఆమె ఉద్యోగదోషం. విశాఖ తీరంలో రాళ్ళ మధ్య నీళ్ళలో మునిగి, అడుగున చదరపు చట్రం పెట్టి, అందులో పడిన సీ అర్చిన్లను, అంటే రాళ్ళకు అతుక్కుని బతికే ముళ్ళబంతుల్ని, ఒక్కొక్కటిగా కాలిపర్‌తో కొలవడం ఆమె పని. సెలవులకి ఇంటికి, బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌కి, వస్తే సముద్రం ఉండదు. చెయ్యి మాత్రం ఊరుకోదు.

ఒకసారి గోల్‌బజార్‌లో బంగాళాదుంపల గుట్ట మీద చట్రం పెట్టేసింది. పక్కింటి స్వాతి సిగ్గుతో చచ్చిపోయింది.

“దీదీ, కొంటారా, కొలుస్తారా?” అన్నాడు కొట్టువాడు.

“పెద్దవే ఏరి కొలిస్తే లెక్క తప్పు దాదా. చట్రంలో పడ్డవన్నీ కొలవాలి, గోళీ అంత దాన్ని కూడా.”

ఆ దుంపల్నే తెచ్చి స్వాతి వాళ్ళింటి నీళ్ళ డ్రమ్ములో వేసింది. స్వాతి తండ్రి గణపతిరావు స్నానానికి వచ్చేసరికి డ్రమ్ములో తల, బయట కాళ్ళు!

“నూకాలూ! పిల్ల పడిపోనాది!”

అద్దాల ముసుగుతో తల పైకి లేచింది. “పడలేదు మామయ్యా. నీళ్ళలో దుంప పెద్దగా కనపడతాది. కంటిని నమ్మకూడదని కొలుస్తన్నాను.”

“దీన్ని సేసుకున్నోడిని కూడా కొలిసే వదుల్తాది,” అంది స్వాతి తల్లి నూకాలమ్మ.

స్వాతి నవ్వింది గాని, నవ్వు నిలవలేదు. తన పెళ్ళి దగ్గరపడింది. పెళ్ళికూతురితో పాటు వీధి ఆడవాళ్ళందరికీ గాజులు తొడగడానికి గాజులమ్మే దాదా ఇంటికొచ్చే రోజు తలుచుకుంటేనే భయం. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి విరిగిన కుడిచెయ్యి బొటనవేలి దగ్గర వంకరగా అతుక్కుంది. సబ్బు రాసి నలిపి తోస్తేగాని గాజెక్కదు. వీధి ఆడవాళ్ళందరి ముందూ ఒక్కటి పగిలిందంటే అపశకునం అంటారు. ఆ ఒక్క చేతికే పెద్ద సైజు అడిగితే ఇక పెళ్ళయ్యేదాకా అదే ముచ్చట. ఈ మాట ఏంజలిన్‌కి ఒక్కదానికే చెప్పుకుంది. ఏంజలిన్ “ఊఁ” అని, స్వాతి తరుగుతున్న బొప్పాయిని కొలుచుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే వీధి కుళాయి చుట్టూ సుద్దముక్కతో చదరం గీసి కూర్చుంది. “ఇందులో కాలెట్టినోళ్ళందరూ రెండు సేతులూ ఇవ్వాలి.”

నీళ్ళకి రాని ఆడది ఎవరు?

“నీ ముళ్ళబంతులకి సేతులున్నాయేటే?” అంది నూకాలమ్మ.

“లేవత్తా. అందుకే మీవి కొలుస్తన్నాను. బొటనవేలు లోపలికి మడిసెట్టు.”

బిందెతో నిలబడ్డ స్వాతి వంతూ వచ్చింది. రెండు చేతులూ కొలిచింది ఏంజలిన్. కన్నెత్తి చూడలేదు. “తర్వాతెవరు?”

గాజుల రోజు వచ్చింది. దాదా పెట్టె తెరిచి ప్రతి ఒక్కరికీ కుడికొక కట్ట, ఎడమకొక కట్ట తీశాడు. ఏంజలిన్ దీదీ కొలతలన్నీ ముందే చెప్పిందట. స్వాతి కుడిచేతికి ఆకుపచ్చ గాజులు సబ్బు మాటే లేకుండా గలగలా దిగాయి. ఒక్కరైనా అటు చూస్తేగా! ఎవరి రెండు కట్టలు వాళ్ళు పక్కపక్కన పెట్టి పోల్చుకుంటున్నారు.

“నా ఒక్కదాందే కొలిస్తే సరిపోయేది గదే?” గొణిగింది స్వాతి.

“అప్పుడు అందరి కళ్ళూ నీ సేతి మీదే ఉండును.”

ఇంతలో నూకాలమ్మ పిడికిళ్ళు రెండూ ముందుకు చాపి దూసుకొచ్చింది.

“నా ఎడం సెయ్యి కన్నా కుడిసెయ్యి లావంటాడేటి ఈ దాదా? నువ్వే తప్పు కొలిసినావు. మళ్ళీ కొలిసి సూడు!”

ఆమె వెనకాల, వీధి ఆడవాళ్ళంతా బొటనవేళ్ళు మడిచి వరసకట్టారు.