అమెరికా సీసా మూత

ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా తిరగేసి అడుగు చూడటం నాకు అలవాటు. ఇది అమ్మ అంటించిన జబ్బు. నా పురిటికని అమ్మ ఒహాయో వచ్చినప్పుడు, తిరిగి వెళ్ళేలోగా చుట్టాలకి అసలు సిసలు అమెరికా సరుకు కొనాలని ఆవిడ పట్టుదల. దువ్వెన దగ్గర్నుంచి దుప్పటి దాకా తిరగేసి, ఏ దేశంలో చేశారో నాచేత చదివించేది. చైనా, మెక్సికో, ఒక తువ్వాలు మీదైతే ఏకంగా ఇండియా. "ఇదేం దేశమే, ఇంత వైభోగం పెట్టుకుని ఓ తువ్వాలు నేసుకోలేరూ?" అని షాపులోనే కోప్పడింది. చివరికి ఆవిడ పరీక్షకి నిలబడింది ఊరగాయ సీసా. మందపాటి గాజు, అడుగున మేడ్ ఇన్ యూఎస్ఏ అని ఉబ్బెత్తు అక్షరాలు. మూత రెండు ముక్కలు: నోటిని కప్పే పల్చటి రేకు బిళ్ళ, దాన్ని బిగించి పట్టే మర చుట్టు. అలాంటివి కొన్ని ఊరికి సర్దుకుని, ఒకటి నాకు ఉంచింది.

బాలింత పథ్యానికని అమ్మ గుంటూరు నుంచి పాత చింతకాయ పచ్చడి మోసుకొచ్చింది. ఉప్పూ పసుపూ వేసి తొక్కిన చింతకాయ ఏళ్ళు గడిచేకొద్దీ నల్లబడుతుంది, మందులా పనిచేస్తుందని మావాళ్ళ నమ్మకం. నేను తినగా మిగిలినదాన్ని ప్రయాణానికి ముందురోజు ఆ సీసాలోకి ఎత్తి, గాలి చొరకుండా వేళ్ళతో గట్టిగా అదిమింది. "తడి చెయ్యి మటుకు పెట్టకే. పదేళ్ళయినా ఉంటుంది" అంది. మరుసటేడు మావారికి నాటింగ్‌హామ్ ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చి ఇంగ్లండు చేరాం. ఆ చలికాలంలోనే అమ్మ పోయింది.

పచ్చడి మీద ఆవిడ వేళ్ళ గుంటలు మాత్రం అలాగే ఉన్నాయి. నాలుగు వేళ్ళవీ వరసగా, పక్కన కాస్త లోతుగా బొటనవేలిది. మూత తీసి చూసుకునేదాన్ని, మళ్ళీ పెట్టేసేదాన్ని. అమ్మ ఫొటోలు ఇంట్లో చాలానే ఉన్నాయి. కానీ ఫొటోలో అమ్మ చెయ్యి ఎక్కడా ఇంత దగ్గరగా లేదు. ఆ సీసాలోంచి నేను చెంచాడు కూడా తియ్యలేదు.

పులుపూ ఉప్పూ కలిసి ఊరుకుంటాయా? కొన్నేళ్ళకి రేకు బిళ్ళని తినేశాయి. కింద పాలిథిన్ కాగితం వేసినా తుప్పు ఆగలేదు. ఆ పొలుసులు లోపల రాలితే పచ్చడి పారబోసుకోవాల్సిందే. "వేరే సీసాలోకి మార్చెయ్యరాదూ, ఇంత రాద్ధాంతమెందుకు?" అన్నారు మావారు. మారిస్తే పచ్చడి ఉంటుంది, వేళ్ళుండవు. ఆ మాట పైకి చెప్తే ఏడుస్తానని, "మీకు తెలీదు, ఊరుకోండి" అన్నాను.

ఇంగ్లీషు సీసాల మూతలు వెంట్రుకవాసి తేడాతో పట్టలేదు. తుప్పు పట్టిన మర చుట్టుని హ్యాండ్‌బ్యాగులో వేసుకుని తిరిగాను. క్రోయిడన్‌లో స్నేహితుల ఇంటికి వెళ్ళినప్పుడు, లండన్‌లో అమెరికా సరుకులమ్మే షాపుకి మావారిని లాక్కెళ్ళాను. అక్కడ సీసాలున్నాయి, వాటి మీద అమెరికా జెండా కూడా ఉంది. తిరగేస్తే అడుగున చైనా. దాని బిళ్ళ నా చుట్టులో కూర్చోకుండా గిరగిరా తిరిగింది. దార్లో ఆయన ఒకటే నవ్వు. "ఆ దేశంలో ఉన్నన్నాళ్ళూ ఇండియాలో చేసిన కుక్కర్ కోసం ఊరంతా తిప్పావు. ఈ దేశం వచ్చాక అమెరికాలో చేసిన మూత కావాలంటావు. నువ్వున్నచోట చేసిన వస్తువు నీకెప్పుడైనా నచ్చుతుందా?" ఆ మాట నిజమే గనక ఇంకా ఒళ్ళు మండింది.

ఒక వేసవిలో సఫక్ వైపు వెళ్తుంటే, అమెరికా వైమానిక దళం వాళ్ళుండే ఊరి బయట కార్ బూట్ సేల్ కనిపించింది. జనం పొలంలో కార్లు ఆపి, డిక్కీ తెరిచి పాత సామాన్లు అమ్ముకుంటున్నారు. నా ఈడు అమెరికన్ అమ్మాయి ఒకామె, భర్తకి బదిలీ అయి స్వదేశం వెళ్ళిపోతూ, ఇల్లంతా అక్కడ పరిచింది. ఒక డబ్బా నిండా రేకు బిళ్ళలు! ఒకటి తిరగేశాను. మేడ్ ఇన్ యూఎస్ఏ. బ్యాగులోంచి చుట్టు తీసి అందులో పెడితే టక్కున కూర్చుంది. వాళ్ళ అమ్మ పోస్టులో పంపిందట. ఇక్కడి పీచ్ పండ్లకి తమ ఊరి రుచి లేక ఆమె నిలవ పెట్టడమే మానేసిందట. "నువ్వేం పెడతావు?" అని అడిగింది. "మా అమ్మ పచ్చడి" అన్నాను. తుప్పు పట్టిన చుట్టు చూపించాను. ఆమె ఇంకేమీ అడక్కుండా డబ్బా మొత్తం నా చేతుల్లో పెట్టింది.

కొత్త మూత బిగించాక మనసు కుదుటపడింది. ఇక అమ్మకి భయం లేదనుకున్నాను.

ఆ చలికాలం మా అమ్మాయికి ఫ్లూ వచ్చింది. పారాసిటమాల్ ఇచ్చి నీళ్ళు బాగా తాగించమన్నారు సర్జరీలో, డాక్టరు క్లినిక్‌ని ఇక్కడ అలాగే అంటారు. జ్వరం దిగింది గానీ పిల్ల ఏదీ నోట పెట్టలేదు. టోస్టు వద్దు, సూపు వద్దు, పెరుగన్నం అసలే వద్దు. "ఐ కాన్ట్ టేస్ట్ ఎనీథింగ్, మమ్" అని గోడవైపు తిరిగి పడుకుంది. నాకు అలమర పై అర గుర్తొచ్చింది. గుర్తు రాకపోతే బావుండునని కూడా అనిపించింది. కానీ అమ్మ అంత బరువు సముద్రాలు దాటించింది నేను చూసుకుంటూ కూర్చోడానికి కాదు కదా.

సీసా దించాను. పొడి చెంచా చూపుడువేలి గుంటలో దించి పచ్చడి తీశాను. ఎండుమిరపకాయ, మెంతులు వేయించి నూరి, వేడి అన్నంలో నెయ్యి వేసి కలిపాను. మొదటి ముద్దకి పిల్ల మొహం చిట్లించింది. రెండో ముద్దకి లేచి కూర్చుంది. "వాట్ ఈజ్ దిస్?" అంది. "అమ్మమ్మది" అన్నాను. "కెన్ ఐ హావ్ మోర్?" అని కంచం ముందుకి జరిపింది.

ఇంకో రెండు చెంచాలు తీసి కలిపి పెట్టాక, వంటింట్లోకి వచ్చి సీసా వైపు చూశాను. పైనంతా చెదిరిపోయింది, ఒక్క గుంటా మిగల్లేదు. అలా వదిలేస్తే గాలి చొరుతుంది. చెయ్యి పొడిగుడ్డతో తుడుచుకుని, వేళ్ళతో గట్టిగా అదిమి, చెయ్యి పైకి తీశాను. నాలుగు వేళ్ళవీ వరసగా, పక్కన కాస్త లోతుగా బొటనవేలిది.