మిల్లు తొట్టిలో నా పేరు

నా చిన్నప్పుడు బడిగంట మా ఇంటిదాకా వినిపించేది. అది వినపడగానే మా పిన్ని పిల్లలు పలకలు చంకన పెట్టుకుని కాలవగట్టు మీద పరుగెత్తేవాళ్ళు. నేను ఉయ్యాల తాడు పట్టుకుని కూర్చునేదాన్ని. ఉయ్యాల్లో చంటివాడు ఉండేవాడు. వాడు బడికి వెళ్ళే ఈడుకొచ్చేసరికి ఇంకొకరు ఉయ్యాల్లోకి వచ్చారు. ఆ తరవాత పెళ్ళి, పాడి, పొలం, నా పిల్లలు. అక్షరాలు నా దాకా నడిచి వచ్చేసరికి జుట్టు తెల్లబడింది. మా మేడ మీద అద్దెకు దిగిన పంతులమ్మగారు సాయంత్రాలు పక్కన కూర్చుని, విసుక్కోకుండా దిద్దించారు. అక్షరాలు రాకనే ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయలేకపోయాను. నోటితో చెప్పిందీ లేదు. చెప్పాలంటే వినేవాళ్ళకు తీరిక ఉండాలి. కాగితానికి ఎప్పుడూ తీరికే.

మా అమ్మ పోయాక మా నాన్న నన్ను నిడదవోలు దగ్గర పల్లెలో, పిన్ని ఇంట్లో దిగబెట్టి వెళ్ళాడు. మా పిన్ని చెడ్డది కాదు. కడుపునిండా అన్నం పెట్టేది, ఆదివారం ఆదివారం తలకు నూనె రాసేది. కానీ ఆ ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఏమే, ఒసే, పిల్లా, అంతే. బాబాయికి ఆ మాత్రం కూడా అక్కర్లేదు. ఆయన గొంతు సవరించుకుంటే నేను చెంబుతో నీళ్ళు పట్టుకెళ్ళాలని అర్థం. నాకు పెట్టిన పేరు పొడుగు. మా అమ్మ దాన్ని సగానికి కోసి, చివర సాగదీసి పిలిచేది. ఆ పిలుపు ఎలా ఉండేదో మర్చిపోతానేమోనని రాత్రుళ్ళు దుప్పటి కప్పుకుని లోలోపలే పిలుచుకునేదాన్ని.

ఊరి చివర, కాలవకూ రోడ్డుకూ మధ్య, మూతపడిన ఉప్పుడు బియ్యం మిల్లు ఉండేది. వాటాదారులు పోట్లాడుకుని కోర్టుకెక్కారట. తీర్పు వచ్చేదాకా తాళం తీయరని పెద్దవాళ్ళు అనుకునేవారు. తాళం ముందు గేటుకే. వెనక ప్రహరీ కూలి గేదె పట్టేంత సందు ఉండేది. లోపల ధాన్యం ఆరబోసే గచ్చు పగిలి, ఆ పగుళ్ళలో గడ్డి మొలిచింది. పొగగొట్టం నిండా పావురాలు. షెడ్డు మీద సగం రేకులు గాలివానకు లేచిపోయాయి, మిగిలినవి చిన్న గాలికే టపటపలాడేవి. మధ్యాహ్నం చంటివాడు నిద్రపోయి, పిన్ని కూడా కునుకు తీస్తుంటే, నేను ఆ సందులోంచి దూరి వెళ్ళేదాన్ని. పాములుంటాయని, గోడలు పడిపోతాయని, దయ్యాలని రకరకాలుగా చెప్పేవాళ్ళు. నాకు అవేవీ లెక్కలోకి వచ్చేవి కావు. అక్కడ నాకు పని చెప్పేవాళ్ళు లేరు. అది చాలు.

షెడ్డు లోపల, ఎండ పడని వైపు, ధాన్యం నానబెట్టే సిమెంటు తొట్లు వరసగా ఉండేవి. సగం నేలలోకి, సగం పైకి కట్టినవి. ఒక్కొక్కటి చిన్న బావంత లోతు. చివరిదానికి లోపలి గోడ వెంట ఇనప మెట్లు ఉండేవి. అడుగున నల్లటి నీళ్ళు, ఆ నీళ్ళ కింద ఏనాడో కుళ్ళిపోయిన ధాన్యం. ఒకరోజు ఆ తొట్టి గోడ మీద బోర్లా పడుకుని, ఊరికే, నా పేరు నేనే పిలిచాను. మా అమ్మ పిలిచినట్టు, చివర సాగదీసి. తొట్టి కూడా పిలిచింది. నాకంటే మెల్లగా, నాకంటే లోతుగా.

అది నా గొంతేనని తెలియక కాదు. కాలవ వంతెన కింద నిలబడి కేకలు వేసి, తిరిగి వినని పిల్లలు మా వైపు ఎవరుంటారు? కానీ తెలిసిన సంగతిని కాసేపు తెలియనట్టు పక్కన పెట్టడం చిన్నపిల్లలకు చేతనవుతుంది. నేను రోజూ వెళ్ళాను. రోజూ పిలిపించుకున్నాను.

ఆ తొట్టి దగ్గర వాసన వచ్చేది. పుల్లగా, ఘాటుగా, గొంతులో దిగేది. కొత్తవాళ్ళయితే ఆ వాసనకే వెనక్కి తిరిగేవారు. కానీ ఉప్పుడు మిల్లులున్న ఊళ్ళలో పెరిగినవాళ్ళకు నానిన ధాన్యం కంపు కొత్త కాదు. పక్క ఊళ్ళో మిల్లు నడుస్తుంటే ఆ గాలి మా ఊరి మీదికీ వచ్చేది. అది రాగానే పని ఉందన్నమాటే అని ఆడవాళ్ళు తట్టలు సర్దుకునేవారు. మాకది కూలి దొరికే వాసన. దాన్ని చూసి జాగ్రత్తపడాలని ఎలా తడుతుంది? మిల్లన్నాక మిల్లు వాసన రాకేం చేస్తుంది అనుకున్నాను.

ఒకనాడు పిన్ని ఆడపడుచు రాజమండ్రి నుంచి వచ్చింది. అదే మొదటిసారి నన్ను చూడటం. అందరూ భోజనాలు చేస్తుంటే నేను వడ్డిస్తున్నాను. "ఈ పిల్లెవరు వదినా?" అని ఆవిడ అడిగింది. పిన్ని ముద్ద కలుపుకుంటూ, "చంటాణ్ణి ఆడించడానికి ఉందిలే" అంది. అబద్ధమేమీ ఆడలేదు. మా అక్క కూతురు అనే మాట కూడా వెనకాల వస్తుందేమోనని, పెరుగు గిన్నె పట్టుకుని కాస్త ఆగాను. రాలేదు. పిన్ని ఆవకాయ అడిగింది.

ఆ మధ్యాహ్నం ఇల్లు సద్దుమణగగానే మిల్లుకు పరుగెత్తాను. గోడ మీద నుంచి పిలిచాను. తొట్టి పలికింది. కానీ ఆ రోజు అది చాలలేదు. ఆ గొంతు దగ్గరికి పోవాలనిపించింది. కిందికి దిగితే ఇంకా దగ్గరగా, చెవిలో చెప్పినట్టు పిలుస్తుంది. కాళ్ళు లోపలికి వేసి మొదటి మెట్టు మీద పెట్టాను.

మెట్లు తుప్పు పట్టి ఉన్నాయి. ఒకటి ఊడబోయే పన్నులా కదిలింది. దిగేకొద్దీ కణతలు బరువెక్కాయి, కళ్ళవెంట నీళ్ళు కారాయి, చెవుల్లో తుమ్మెదలు తిరిగినట్టయింది. నా పేరు పిలిచాను. నిజంగానే చెవి పక్కనే పలికింది. ఒళ్ళంతా తేలికై, హాయిగా నిద్ర వస్తున్నట్టు అనిపించింది. ఇన్నేళ్ళ తరవాత కూడా ఆ హాయిని తలుచుకుంటే నాకు వణుకు పుడుతుంది. అప్పుడు మాత్రం ఏ భయమూ లేదు.

అంతలో పైనుంచి ఎవరో, ఏమీ కానట్టు, ఇంటి వాకిట్లోంచి పిలిచినట్టు పిలిచారు. "ఓ పిల్లా, ఈ గంజిగిన్నె కాస్త అందుకో. చెయ్యి కాలిపోతోంది. రా, తొరగా రా!"

పని చెప్పే గొంతు. నా కాళ్ళు నన్ను అడగకుండానే పైకి కదిలాయి. ఎవరు, ఎక్కడి గంజి అని ఆలోచించలేదు. పని చెప్పగానే లేవడం నాకు ఒంటికి పట్టిన అలవాటు. తల గోడ పైకి రాగానే ఒక చెయ్యి నా జడను, ఇంకో చెయ్యి నా రెక్కను పట్టుకుని ఒక్క లాగు లాగాయి. గచ్చు మీద పడ్డాను. చుట్టూ చూశాను. గంజీ లేదు, గిన్నే లేదు.

ఆమెను మేము మిల్లు మామ్మ అనేవాళ్ళం. మిల్లు నడిచిన రోజుల్లో గచ్చు మీద ధాన్యాన్ని కాళ్ళతో కలియబెట్టిన మనిషి. మిల్లు మూసేసినా, వెనకున్న కూలీల గదుల్లో చివరిది వదలకుండా అక్కడే ఒక్కతీ ఉండేది. ఒంటరి ఆడమనిషి మీద ఊరు ఏదో ఒక కథ అల్లుతుంది కదా, పిల్లలు ఆమె నీడ పడినా పారిపోయేవాళ్ళు. ఆమె కూడా గచ్చు మీద చతికిలబడి రొప్పుతోంది. నేను వాంతి చేసుకుంటే వీపు రాసింది, గాలి వచ్చే వైపు కూర్చోబెట్టింది. ఒక్క తిట్టు తిట్టలేదు.

"రోజూ మధ్యాన్నం ఎవరో తల్లి పిల్లని పిలుస్తోందనుకునేదాన్ని" అంది చివరికి. "పిలిచేదీ నువ్వే, పలికేదీ నువ్వేనటే?"

"నేను కాదు, అదే పిలుస్తుంది" అని తొట్టిని చూపించాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "అలాగా! అయితే దాని సంగతేంటో చూద్దాం పట్టు" అని లేచి, గదిలోంచి లాంతరూ చేంతాడూ తెచ్చింది. లాంతరు వెలిగించి తాడు కట్టి, నా చేత కూడా తాడు పట్టించి, తొట్టిలోకి మెల్లగా దించింది. దీపం కొంతదాకా బాగానే వెలిగింది. నేను దిగిన చోటు దాటాక చిన్నదై, నీలంగా మారి, ఆరిపోయింది. గాలీ లేదు, వానా లేదు. పైకి లాగి మళ్ళీ వెలిగించి దించింది. మళ్ళీ అక్కడే ఆరింది.

"చూశావా? దీనికి గొంతుంది గాని ఊపిరి లేదే పిల్లా. ఊపిరి లేనిది ఎంత ముద్దుగా పిలిచినా పోకూడదు" అంది.

అప్పుడు చెప్పింది. అడుగున మిగిలిన ధాన్యం తోడటానికి మనిషిని దించేముందు ఎప్పుడూ ఇలాగే లాంతరు దించి చూసేవారట. దీపం నిలబడితేనే మనిషి దిగాలి. ఒకసారి లారీ వచ్చి నిలబడిందని తొందరపడ్డారు. దిగినవాడు దిగినట్టే కూలబడ్డాడు. వాణ్ణి పైకి తెద్దామని వాడి తమ్ముడు దూకాడు. పైనుంచి అందరూ అరుస్తూనే ఉన్నారట. మామ్మ తాడు చుట్ట చుట్టుకుంటూ కూర్చుంది.

"నన్నెందుకు అరవలేదు?" అని అడిగాను.

"అరిస్తే జడుసుకుని చెయ్యి వదిలేస్తావు. పని చెప్తే వస్తావు. నువ్వు రేవుకొచ్చి బిందెలు మోయడం రోజూ చూస్తున్నాను కదా."

నాకు ఏడుపు వచ్చింది. చావు తప్పిందని కాదు, ఆ వయసులో చావంటే ఏం తెలుసు. ఆరిన లాంతరు చూస్తుంటే ఆ తొట్టిలో ఎవరూ లేరని అప్పుడు నిజంగా తెలిసింది. "ఇంక నన్నెవరు పిలుస్తారు?" అన్నాను. ఆ మాట ఎవరితోనూ అనకూడదని తెలిసే అన్నాను.

మిల్లు మామ్మ కొంగుతో నా ముక్కు తుడిచి, "ఆ పేరు నాకూ వచ్చులే. రోజూ విని విని వచ్చేసింది" అంది.

ఇంటికి వెళ్ళేసరికి చంటివాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. పిన్ని వీధిలోనే అందుకుంది. "ఏంటే, ఆ పాడుబడ్డ కొంపలో మీ ముత్తాత లంకెబిందెలు పాతిపెట్టాడా, ఎప్పుడు చూసినా అటే పోతావు?"

నా వెనకే వచ్చిన మామ్మ అందుకుంది. "నేనే పిలిచానండి అమ్మగారూ. సూదిలో దారం ఎక్కించమని. నా కళ్ళు కనపడి చావట్లేదు."

"అడిగి తీసుకెళ్ళాలా, వద్దా?"

"తప్పేనండి. ఇకనుంచి ఇక్కడికొచ్చి అడిగే తీసుకెళ్తాను" అని మామ్మ వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే ఊడిపడిన రేకులు ఈడ్చుకొచ్చి తొట్ల మీద కప్పి, వాటి మీద రాళ్ళు పెట్టిందని తరవాత చూశాను.

ఇప్పుడు ఆ మిల్లు లేదు. ఆ స్థలంలో కల్యాణ మండపం కట్టారు. మామ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది. కానీ మూసి ఉన్న గది గాని, పాత నుయ్యి గాని, మూత పెట్టిన గొయ్యి గాని చూస్తే నా కాలు ఇప్పటికీ వెనక్కి పడుతుంది. మొన్నామధ్య మా పెరట్లో ఏళ్ళ తరబడి తెరవని సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయడానికి మనుషులు వచ్చారు. ఒకతను మూత తీసీ తీయగానే లోపలికి కాళ్ళు పెట్టబోయాడు. అలాంటి గోతుల్లోకి మంట దించితే లోపలి గాలే అంటుకుంటుందట, ఈ రోజుల్లో దీపం పరీక్ష కూడా పనికిరాదని చెబుతున్నారు. నేను అరవలేదు. "బాబూ, ఈ మజ్జిగ గ్లాసు అందుకో, చెయ్యి జారిపోతోంది" అన్నాను. అతను ఇవతలికి వచ్చాడు. తాగుతుండగా చెప్పాల్సింది చెప్పాను. నవ్వాడు గాని దిగలేదు. మర్నాడు యంత్రం తెచ్చి పైనుంచే తోడేశారు.

పాడుబడిన ఇళ్ళల్లోకి, మూతపడిన ఫ్యాక్టరీల్లోకి పిల్లలు దూరుతున్నారని పంతులమ్మగారు పేపరు చదివి చెబుతుంటారు. ఫోటోల కోసమట, సరదా కోసమట. కావచ్చు. అందులో ఒక్కరైనా నాలాగా పిలిపించుకోవడానికి వెళ్ళి ఉంటారని నాకు అనిపిస్తుంది. మా వీధి పిల్లల్ని నేను ఒసే అనను, ఒరే అనను. ఎంత పొడుగు పేరైనా నేర్చుకుని పిలుస్తాను. నా పేరు మాత్రం ఇప్పుడు పిలిచేవాళ్ళు లేరు. నాకంటే పెద్దవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ మామ్మగారినే.

మిల్లు మామ్మ నన్ను తొట్టిలోంచి లాగిన మర్నాడు పొద్దున్నే నేను పిన్ని వాకిట్లో కళ్ళాపి చల్లుతున్నాను. కాలవగట్టు వైపు నుంచి నా పేరు వినిపించింది. సగానికి కోసి, చివర సాగదీసి, బొంగురు గొంతుతో, మధ్యలో కాస్త దగ్గుతో. పిన్ని వంటింట్లోంచి తొంగి చూసింది. మామ్మ గుమ్మం అవతల నిలబడి ఉంది. నేను పేడనీళ్ళ చెంబు పట్టుకుని, వెనక్కి తిరగకుండా, వినపడనట్టు నిలబడ్డాను. ఇంకోసారి పిలుస్తుందని.